చక్కెర లేని బిస్కెట్

రుచి గది, బిస్కెట్ ఫ్యాక్టరీ
ఫిబ్రవరి 6

అక్కా,

ఈ ఉత్తరంతో పాటే ఒక డబ్బా వస్తుంది. ముందు ఉత్తరం చదువు, తర్వాత డబ్బా తెరువు. నీ సంగతి తెలిసి కూడా చెబుతున్నాను, ఈపాటికి నీ నోట్లో ఒకటి ఉండే ఉంటుంది.

అవి బిస్కెట్లే. కానీ నువ్వు తినగలిగే బిస్కెట్లు. ఒక్క చిటికెడు చక్కెర కూడా లేదు. పదకొండేళ్ల కిందట నీకు షుగర్ అని తేలిన వారం నేను ఎప్పటిలాగే ఫ్యాక్టరీ పెట్టె పట్టుకుని మీ ఇంటికి వచ్చాను. బావ తలుపు తీసి, పెట్టె వంక చూసి, నా వంక చూసి పక్కకి తప్పుకున్నాడు. ఆ రోజు నీ గుమ్మంలో దొంగలా నిలబడ్డాను. ఇరవై రెండేళ్లుగా బిస్కెట్ రుచి చూసి జీతం తీసుకుంటున్నవాణ్ణి, సొంత అక్కకి ఒక్క ముక్క పెట్టలేకపోవడం నన్ను ఎంత తినేసిందో నీకు తెలియదు.

మూడేళ్లు మా మేనేజరు చుట్టూ తిరిగాను. షుగర్ ఉన్నవాళ్ల కోసం ఒక బిస్కెట్ చేద్దామని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. చివరికి సరే అన్నాడు. చక్కెర తీసేసి మొదటిసారి చేసినవి నోట్లో పెట్టుకుంటే సున్నం గోడ నాకినట్టు ఉంది. ఎనిమిది సార్లు అలాగే పారబోశాం. తొమ్మిదోసారి నాకు ఒక చిట్కా తట్టింది. అంతే, బిస్కెట్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ చిట్కా ఏమిటో నీకు కూడా చెప్పను. ఫ్యాక్టరీలో నన్ను ‘నాలుకగారు’ అంటారు కదా, ఆ పేరు ఈసారి నిలబెట్టుకున్నాను.

రోజూ ఎన్ని తిన్నావో, షుగర్ ఎంత ఉందో రాసి పంపు. ఫోన్ వద్దు. గ్రంథాలయం ఆఫీసుకి ఫోన్ చేస్తే పక్కవాళ్లు వింటారని ‘ఆ, ఊ’ తప్ప మాట్లాడవు. కాగితం మీదైతే నీ నోరు ఆగదు.

నీ తమ్ముడు


బైండింగ్ గది, గ్రంథాలయం మూడో అంతస్తు
ఫిబ్రవరి 24

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు అన్నట్టే అయింది. డబ్బా ముందు, ఉత్తరం తర్వాత. మూడు తిన్నాక చదివాను.

ఏం చెప్పమంటావు? కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వకు. పదకొండేళ్లుగా నా ముందు ఎవరైనా ప్లేటు పెడితే ముందు భయం వేస్తుంది, తర్వాతే ఆకలి వేస్తుంది. ఎవరింటికి వెళ్లినా వాళ్లు జాలిగా చూడటం, నేను మొహమాటంగా నవ్వడం, ఇదే బతుకైపోయింది. నీ డబ్బా మూత తీసినప్పుడు నాకు భయం వేయలేదు. అంతకన్నా నువ్వు నాకు ఏం చెయ్యాలిరా?

లెక్క అడిగావు కాబట్టి చెబుతున్నాను. పొద్దున నాలుగు, మధ్యాహ్నం అన్నం బదులు ఐదో ఆరో. ఇక్కడ పాత పుస్తకాలన్నీ ఒక్కసారే నా మీద పడ్డాయి. కుట్లు తెగి వీపులు ఊడిపోయిన పుస్తకాలు నూట నలభై, కుట్టేది నేనొక్కదాన్నే. క్యారేజీ విప్పి తిని కడుక్కునే తీరిక ఎక్కడిది? ఒక చేత్తో సూది, ఒక చేత్తో బిస్కెట్. షుగర్ పరగడుపున నూట ముప్ఫై. ఎప్పుడూ ఉండేదే. పైగా కాస్త తగ్గింది కూడా.

మీ బావ మాత్రం, “వాడు పంపినవి తిను, వద్దనను. అవే తింటే మాత్రం నీకు అన్నం వండటం మానేస్తాను” అన్నాడు. ఈయన వండిన అన్నం మానెయ్యడానికే కదా నేను ఇవి తింటున్నది అన్నాను. పోట్లాట అక్కడితో సరి.

ఒక్కటే చికాకు. ఈ మూడో అంతస్తు ఎవరో పైకి జరిపినట్టున్నారు. రెండు చోట్ల ఆగితే కానీ ఎక్కలేకపోతున్నాను. లిఫ్ట్ పుస్తకాలకేనట, మనుషులకి కాదట. ఎడమ దవడ కూడా ఒకటే లాగుతోంది. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వయసు రా, ఏం చేస్తాం.

ఇంకో డబ్బా పంపు.

అక్క


రుచి గది
మార్చి 20

అక్కా,

రెండు డబ్బాలు పంపాను. అందాయా?

ఇక్కడ నా కాలు ఒకచోట నిలవడం లేదు. బిస్కెట్ జూన్‌లో బజారులోకి వస్తుంది. మొన్న మీటింగులో నీ ఉత్తరం చదివి వినిపించాను. అంతా కాదులే, ‘డబ్బా మూత తీసినప్పుడు నాకు భయం వేయలేదు’ అన్న ముక్క. మేనేజరు ఆ వాక్యమే ప్యాకెట్ మీద వేద్దామన్నాడు. దాని కింద ‘మధుమేహం ఉన్నవారి గుండెకు మేలు’ అని ఇంకో వాక్యం. నీ ఫోటో కూడా అడుగుతున్నారు. మంచి చీర కట్టుకుని ఒకటి తీయించి పంపు. ఇన్నేళ్లూ పుస్తకాల వీపులు కుట్టావు, నీ మొహం ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఊరూరా చూస్తారు.

అందరూ ఒప్పుకున్నారు, ఒక్కతి తప్ప. మా ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. ఆమె లేచి, “గుండెకి మేలు అని ఎలా అంటారండీ? ఇందులో కొవ్వు మామూలు బిస్కెట్ కన్నా ఎక్కువ ఉంది, ఉప్పు కూడా ఎక్కువే” అంది. నాకు ఒళ్లు మండింది. నిన్న కాక మొన్న వచ్చిన పిల్ల. చక్కెర బిస్కెట్‌కి చక్కెర లేని బిస్కెట్‌కి తేడా తెలియని మాట. షుగర్ ఉన్నవాళ్లకి శత్రువు చక్కెర, అది లేదు, ఇంకేం కావాలి అన్నాను. ఆమె ఏదో కాగితం నా ముందు పెట్టబోయింది. తర్వాత చూస్తాలే అని చెప్పి ఇంకా చూడలేదు.

పన్ను సంగతి ఏమైంది? చూపించుకున్నావా? మీ మరదలు రోజూ అడుగుతోంది.

తమ్ముడు


బైండింగ్ గది
ఏప్రిల్ 22

తమ్ముడూ,

ఆలస్యమైంది. కోపగించుకోకు. నాలుగు రోజులుగా ఈ కాగితం బల్ల మీదే ఉంది, రెండు వాక్యాలు రాయడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. ఎందుకో స్థిమితంగా ఉండటం లేదు.

పంటి డాక్టరు దవడంతా తట్టి చూశాడు. “మీ పళ్లు నా పళ్ల కన్నా గట్టిగా ఉన్నాయమ్మా” అని పంపేశాడు. మరి ఈ లాగుడు ఎక్కడిదో. మెట్లెక్కుతుంటే వస్తుంది, కూర్చుంటే పోతుంది. మార్చిలో ఒకరోజు బాగా చెమట పట్టి, కడుపులో తిప్పి, పుస్తకాల గుట్టకి ఆనుకుని ఓ గంట కదల్లేకపోయాను. షుగర్ పడిపోయిందేమో అనుకుని నీ బిస్కెట్లు నాలుగు తిన్నాను. సర్దుకుంది. ఇప్పుడు కూడా నీరసం వస్తే అదే మందు. ఇది మీ బావకి రాయకు. ఆయన డ్యూటీ మానేసి నా పక్కన కూర్చుంటాడు, అప్పుడు మా ఇద్దరికీ పిచ్చెక్కుతుంది.

ఇంకొక మాట అడగాలి. అడగాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. నిన్న అట్ట మీద అంటించడానికి మంచి తెల్ల కాగితం కోసి పెట్టుకుని, దాని మీద ఒక బిస్కెట్ మర్చిపోయాను. భోజనాల వేళ దాటాక చూస్తే కాగితం మీద అరచేతి అంత మరక. అవతలి వైపు నా వేళ్లు కనపడేంత పారదర్శకం. కింద ఇంకో రెండు కాగితాల్లోకి కూడా దిగింది. ముప్ఫై ఏళ్లుగా కాగితంతో ఉన్నదాన్ని. నీటి మరకేదో నూనె మరకేదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఏం పోశావురా ఇందులో?

ఫోటో తీయించలేదు. మొహం పీక్కుపోయింది, బాగాలేదు.

అక్క


రుచి గది
ఏప్రిల్ 27

అక్కా,

ఉత్తరం అందింది. ఇక్కడ పని ఒత్తిడి ఎక్కువగా ఉంది, అందుకే ఈ నాలుగు ముక్కలు. నీరసానికి కాస్త నిద్రపో. పని ఎవరికైనా పంచు. ఎండలు కూడా ముదిరాయి కదా. మీ మరదలు నీకు ఒక శాలువా అల్లుతోంది, ఎండాకాలంలో శాలువా ఎందుకే అంటే వినదు.

ఫోటోకి తొందరేం లేదు.

బిస్కెట్లో నూనె అంటావా, ఏ బిస్కెట్లో ఉండదు చెప్పు.

తమ్ముడు


ఇంటి నుంచి
ఏప్రిల్ 29

అక్కా,

మొన్నటి ఉత్తరం చింపెయ్. అది రాసి పోస్టులో వేసి వచ్చినప్పటి నుంచీ నాకు మెతుకు దిగడం లేదు.

నువ్వు అడిగినదానికి జవాబు చెబుతున్నాను. చక్కెర తీసేస్తే బిస్కెట్లో రుచి చచ్చిపోతుంది. గుల్లదనం పోతుంది, నోట్లో కరగదు. ఆ లోటు పూడ్చడానికి నేను గడ్డకట్టిన నూనె, అదే వనస్పతి, దాదాపు రెట్టింపు చేయించాను. ఉప్పు కూడా పెంచమన్నాను. నాలుకని మోసం చెయ్యడానికి అదొక పాత కిటుకు. నా చిట్కా అంతే. వీధి తలుపుకి గడియ పెట్టి పెరటి తలుపు బార్లా తెరిచాను. దొంగ ఒక దారినే వస్తాడనుకున్నాను.

ఇవాళ పొద్దున ఆ ల్యాబు అమ్మాయి దగ్గరికి నేనే వెళ్లాను. ఆమె పక్కన పెట్టిన కాగితం చూశాను. తర్వాత నీ ఉత్తరం ఆమె చేతికి ఇచ్చాను. తప్పు అనుకోకు. చదువుతూ చదువుతూ దవడ దగ్గర ఆగిపోయింది. “మీ అక్కగారిని గుండె డాక్టరుకి చూపించారా?” అంది. గుండెకేం, అది పన్ను నొప్పి అన్నాను. ఆమె తండ్రికి కూడా షుగరేనట. ఆయనకి దవడ కాదు, భుజం. నొప్పుల నూనె రాసుకుంటూ రెండు నెలలు తిరిగాడట. ఆ తర్వాత ఏమైందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

గ్రంథాలయానికి ఫోన్ చేస్తే ‘పనుందిరా, తర్వాత’ అని పెట్టేశావు. బావ బస్సు డిపోకి చేస్తే డ్యూటీలో ఉన్నాడన్నారు. అందుకే రాస్తున్నాను. ఈ ఉత్తరం చేతికందిన వెంటనే, సూది ఎక్కడిదక్కడ వదిలేసి ఆస్పత్రికి వెళ్లు. పంటి డాక్టరు దగ్గరికి కాదు. మెట్లు దిగేటప్పుడు నెమ్మదిగా దిగు. ఆ డబ్బాలు పారెయ్.

నా మీద కోపం తర్వాత తీర్చుకుందువు గాని. ముందు వెళ్లు.

తమ్ముడు


ఆస్పత్రి వరండా
మే 2

బావమరిదికి,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. చేతనైనట్టు రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, మీ అక్క బతికే ఉంది. కంగారు పడకుండా చదువు.

మొన్న పొద్దున పదకొండున్నరకి రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య కూలబడిపోయింది. చేతుల్లో పుస్తకాలున్నాయట. వాటిని కింద పడనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుందట, కాపలా అతను చెప్పాడు. ఛాతీలో నొప్పి అనలేదు. ఒళ్లంతా చెమట, వాంతి వచ్చేలా ఉంది అందట. అంతే.

ఇక్కడ డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి నన్ను పిలిచింది. “ఇది గుండెపోటు. ఇదే మొదటిది కూడా కాదు. నెలా రెండు నెలల కిందట ఒకటి వచ్చి పోయింది. మచ్చ కనిపిస్తోంది” అంది. నాకు అర్థం కాలేదు. గుండెపోటు వస్తే మనిషికి తెలియకుండా ఉంటుందా అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే నరాలు మొద్దుబారతాయట. గుండె నొప్పిని మోసుకొచ్చే నరమే మూగబోతుందట. అందుకే కొందరికి నొప్పి బదులు ఆయాసం, నీరసం, దవడ లాగడం, కడుపులో తిప్పడం, అలా వస్తుందట.

అదే రోజు రక్తనాళం తెరిచి చిన్న గొట్టం పెట్టారు. ఇప్పుడు మాట్లాడుతోంది. నన్ను తిట్టింది కూడా, గడ్డం గీసుకోలేదని.

ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాను. ఇంజన్లో చిన్న చప్పుడు తేడా వస్తే నలభై మంది మాటల మధ్య కూడా నాకు వినపడుతుంది. పక్కన పడుకున్న మనిషి ఊపిరి మాత్రం వినలేదు. నిన్నేమీ అనడానికి నాకు మొహం లేదు.

నీ 29వ తారీఖు ఉత్తరం నిన్న వచ్చింది. నేనే తెరిచాను. ఆమెకి ఇవ్వలేదు. ఉద్రేకపడే విషయాలేవీ చెప్పొద్దన్నారు. రోజూ ఏం తింటారు అని డాక్టరమ్మ అడిగితే మీ అక్క ఏమందో తెలుసా? అన్నం, కూరలు అంది. బిస్కెట్ల ఊసే ఎత్తలేదు. నేను ఇంటికెళ్లి డబ్బా తెచ్చి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. మీ అక్క మొహం గోడ వైపు తిప్పుకుంది.

వచ్చి చూసి వెళ్లు. ఉత్తరం సంగతి మాత్రం నువ్వు ఎత్తకు.

బావ


రుచి గది
మే 14

బావా,

క్షేమంగా చేరాను. మీరు స్టేషన్ దాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసినప్పుడు, తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

మూడు రోజులు అక్క మంచం పక్కన కూర్చున్నాను. తను పుస్తకాల గురించి మాట్లాడింది, నేను ఎండల గురించి మాట్లాడాను. ఇద్దరం ఒక్కసారి కూడా బిస్కెట్ అన్న మాట అనలేదు. గదిలో అది ఏనుగంత కూర్చుని ఉంది, మేమిద్దరం దాని చుట్టూ తిరిగి మంచినీళ్లు తెచ్చుకున్నాం. మింగలేక కక్కలేక చచ్చాను బావా. నా ఉత్తరం సంగతి అక్కకి ఎప్పుడు చెబుతారు? చెప్పకపోతే తనని మోసం చేసినట్టుంటుంది, చెబితే ఏమవుతుందోనని భయంగా ఉంది. నాకు ఏదీ తోచడం లేదు. మీరే చూడండి.

ఇక్కడ వచ్చే నెల మూడున మీటింగు. బిస్కెట్ బయటికి వెళ్లాలంటే ల్యాబు సంతకం, రుచి చూసినవాడి సంతకం రెండూ ఉండాలి. కాగితం నా బల్ల మీదే ఉంది. దాని మీద ఏదో ఒకటి కప్పి పెడుతున్నాను. ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి, ఒక చుట్టు చుట్టి, మళ్లీ వస్తున్నాను రోజూ. కాపలావాడు నాకు మతి చలించిందనుకుంటున్నాడు.

తమ్ముడు


ఇంటి ముందు గది
మే 25

తమ్ముడూ,

మీ బావ నీ ఏప్రిల్ 29 ఉత్తరం ఇచ్చాడు. జేబులో పెట్టుకుని ఇరవై రోజులకి పైగా తిరుగుతుంటే మడతల దగ్గర చిరిగిపోయింది. ఇచ్చేసి వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ ఒకేసారి తోమడం మొదలుపెట్టాడు.

అక్కని చంపేశానని నువ్వు ఏడుస్తున్నావని నా మరదలు రాసింది. నేను చావలేదు. కాబట్టి ఏడుపు ఆపి ఇది చదువు.

నాకు ముందే తెలుసు. కాగితం మీద మరక చూసిన రోజే తెలుసు. అయినా నీ జవాబు కోసం ఎదురు చూస్తూ కూడా తిన్నాను. ఎందుకంటావా? పంపింది నువ్వు కాబట్టి. చేతికి అందుబాటులో ఉంది కాబట్టి. అన్నిటికన్నా, భయం లేకుండా తినే వస్తువు ఒకటి దొరికితే దాన్ని అనుమానించడానికి మనసు ఒప్పుకోలేదు కాబట్టి. డాక్టరమ్మ అడిగినప్పుడు దాచింది నీ కోసమని మీ బావ అనుకుంటున్నాడు. సగం నీ కోసం, సగం నా సిగ్గు కోసం. ఊరంతా చదువుకునే పుస్తకాలన్నీ కుట్టిన నేను ఆరు బిస్కెట్లే మధ్యాహ్న భోజనం అనుకున్నానని ఎలా చెప్పను?

డాక్టరమ్మని నేనే నిలదీశాను. బిస్కెట్ వల్లే వచ్చిందా అని. ఆవిడ నవ్వి, “మూడు నెలల బిస్కెట్ మీద పదకొండేళ్ల నేరం మోపకండి” అంది. షుగర్ గుండె రక్తనాళాల్ని లోపల్లోపల గీరుతూనే ఉంటుందట. మనం చక్కెర ఒక్కటే చూసుకుని, కొవ్వు, ఉప్పు వదిలేస్తే ఆ గీతల మీదే పాచి పేరుకుంటుందట. అన్నం మానేసి అవి తినడం దానికి ఇంకా తోడైందట. చక్కెర లేకపోయినా మైదా కడుపులోకి వెళ్లి చక్కెరే అవుతుందట. పరగడుపు లెక్క ఒక్కటే చూసుకుని నేను మురిసిపోయాను. నువ్వు ఒక్కడివే కాదు నేరస్థుడివి, నేనూ ఉన్నాను, అమ్మ ఇచ్చిన రక్తం ఉంది.

ఇప్పుడు నా పళ్లెం చూస్తే నవ్వుతావు. సగం కూరగాయలు, పావు పప్పో గింజలో చేపో, మిగిలిన పావులోనే అన్నం, అదీ ముడిబియ్యం. రోజుకి నూనె ఎన్ని చెంచాలో మీ బావ కొలిచి గిన్నెలో పోస్తాడు, ఆ గిన్నె ఖాళీ అయితే వంట అయిపోయినట్టే. మొదటి వారం గడ్డి మేస్తున్నట్టు ఉంది. ఇప్పుడు వంకాయకి కూడా ఒక రుచి ఉందని తెలుస్తోంది. మూడో వారంలో ఒక రోజు భయం వెయ్యకుండా తిన్నాను. ఈసారి ఏం తింటున్నానో తెలిసి.

నీ సంతకం సంగతి మీ బావ చెప్పాడు. పెట్టమనను, వద్దనను. ఉద్యోగం నీది, ఇల్లు నీది, మరదలి ముందు నిలబడాల్సింది నువ్వు. ఒక్కటి మాత్రం చెబుతాను. నా మాట ప్యాకెట్ మీద వెయ్యడానికి నేను ఒప్పుకోను. భయపడకండి అని ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదు.

అక్క


పిండి గోదాము
జూన్ 26

అక్కా,

పైన చిరునామా చూశావుగా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నా విషయంలో అది అక్షరాలా జరిగింది. ఇప్పుడు నన్ను ఎవరూ నాలుకగారు అనడం లేదు.

మూడో తారీఖు మీటింగులో మేనేజరు కాగితం నా ముందు పెట్టి కలం మూత కూడా తనే తీశాడు. ప్యాకెట్ బొమ్మ గోడకి అంటించి ఉంది. నీ వాక్యం పెద్ద అక్షరాల్లో, దాని కింద గుండె బొమ్మ. నేను సంతకం పెట్టను అన్నాను.

“ఇది మీ బిస్కెట్టే కదండీ. మూడేళ్లు నా ప్రాణం తీశారు” అన్నాడు మేనేజరు.

“మా అక్కకి గుండెపోటు వచ్చింది” అన్నాను.

అమ్మకాల ఆఫీసరు గొంతు సవరించుకుని, బిస్కెట్ వల్లే అని డాక్టర్లు చెప్పారా అని అడిగాడు.

“చెప్పలేదు. నేనూ అనను. కానీ గుండెకి మేలు అన్న మాట అబద్ధం. అందులో కొవ్వు ఎంతుందో నాకు తెలుసు. పోయించింది నేనే.”

ల్యాబు అమ్మాయి అప్పటిదాకా తల వంచుకుని ఉంది. అప్పుడు తన కాగితం కూడా సంతకం లేకుండానే వెనక్కి నెట్టింది. నా కళ్లలోకి చూడలేదు. చూసి ఉంటే నేను అక్కడే ఏడ్చేసేవాణ్ణి.

వారం తిరగకుండా నన్ను గోదాముకి మార్చారు. రుచి గదికి కొత్తవాడు వచ్చాడు, సంతకం పెట్టేశాడు. బిస్కెట్ బజారులోకి వచ్చేసింది. అయితే నీ మాట తీసేశారు, గుండె బొమ్మ తీసేశారు. ల్యాబు అమ్మాయి పట్టుబట్టడంతో కొవ్వు, ఉప్పు ఎంతెంతో వెనక చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. ముందు మాత్రం ‘చక్కెర కలపలేదు’ అని పెద్దగా ఉంది. అది నిజమే. సగం నిజం. గెలిచానో ఓడానో నాకే తెలియడం లేదు. బజారులో దుకాణం ముందు నడుస్తుంటే కాళ్లు ఆగిపోతాయి, ఎవరు కొంటున్నారా అని చూస్తాను. ఒకావిడ, నీ వయసే ఉంటుంది, రెండు ప్యాకెట్లు తీసుకుంది. వెనక వైపు తిప్పి చదవండమ్మా అన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్లిపోయింది.

ఇంతవరకూ రాసింది మీ మరదలికి తెలుసు. ఇకపై రాసేది తెలియదు.

గోదాములో చేరేముందు ఒళ్లు పరీక్ష చేయాలన్నారు. రక్తం తీసుకున్నారు. నా షుగర్ రెండు వందల నలభై ఆరు. ఎన్నాళ్ల నుంచి ఉందో తెలియదు అన్నాడు అక్కడి డాక్టరు. రోజుకి పాతిక ముక్కల చొప్పున ఇరవై రెండేళ్లు తిన్నవాణ్ణి, ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. నాకు వస్తుందని అనుకోలేదు. నీ మీద జాలిపడటమే నా పని అనుకున్నాను. ఆ చీటీ రెండు వారాలుగా చొక్కా జేబులోనే ఉంది. నడుస్తుంటే ఆయాసం వచ్చినట్టుంటుంది, నిజంగా వచ్చిందో భయమో తెలియదు. దవడ నొక్కి నొక్కి చూసుకుంటున్నాను. పళ్లెం ముందు కూర్చుంటే ఏది ముట్టుకోవాలో తెలియక లేచిపోతున్నాను. మీ మరదలు వంట బాగాలేదా అంటోంది.

పదకొండేళ్లు నువ్వు ఇలాగే ఉన్నావా అక్కా?

తమ్ముడు


ఇంటి ముందు గది
జూలై 1

ఒరేయ్,

ఉన్నాను. ఇలాగే ఉన్నాను. ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టే ఇక్కడిదాకా వచ్చింది. నువ్వు ఆ పని చెయ్యకు.

ఈ ఉత్తరం చదవగానే వంటింట్లోకి వెళ్లి ఆ చీటీ నా మరదలి చేతికియ్యి. మాటలు వెతుక్కోకు, చీటీ ఇస్తే చాలు. అరుస్తుంది, తర్వాత ఏడుస్తుంది, తర్వాత పొయ్యి మీద ఏముందో చూస్తుంది. ఆ మూడో పనికి వచ్చేదాకా అక్కడే నిలబడు.

రేపే గుండె పరీక్ష చేయించుకో. ఆయాసం నిజమో భయమో నువ్వు తేల్చుకోవడం కాదు, యంత్రం తేలుస్తుంది. కొవ్వు పరీక్ష, రక్తపోటు కూడా చూడమను. దవడ నొక్కుకోవడం మానెయ్, ఉన్న పళ్లు ఊడతాయి. దుకాణాల ముందు నిలబడి ఆడవాళ్లని బెదిరించడం కూడా మానెయ్. చెప్పాలంటే ఆ ల్యాబు అమ్మాయిని వెంటబెట్టుకుని, ఎవరు వింటారో వాళ్లకి కూర్చోబెట్టి చెప్పు. గెలిచావా ఓడావా అని అడిగావు. నాకు తెలియదు. కానీ గోడ మీద నుంచి ఆ గుండె బొమ్మ దిగింది కదా, దాన్ని నమ్మి తినేవాళ్లు కొందరైనా తగ్గారు.

ఏది ముట్టుకోవాలో కాగితం మీద రాసి పంపుదామని కూర్చున్నాను. నాలుగు వరసలు రాసి చింపేశాను. ఇది ఉత్తరాల్లో నేర్పే విద్య కాదు. కూర ఎంత నూనెలో వేగుతుందో పక్కన నిలబడి చూడాలి, పళ్లెంలో అన్నం ఎంతో కళ్లతో చూడాలి.

డాక్టరమ్మ ప్రయాణానికి ఒప్పుకుంది. మందుల సంచీ, రక్తం చూసుకునే మిషనూ సర్దుకున్నాను. మీ బావ సెలవు పెట్టి నాతో వస్తున్నాడు, దారిలో నేను మెట్లు పరిగెత్తకుండా కాపలా అట. శుక్రవారం పదకొండు గంటల బండి. పదిహేను రోజులుంటాం. గోదాములో ఎవరికి చెప్పాలో చెప్పి ఆ పూట సెలవు పెట్టు.

ఇంటికి తీసుకెళ్లకు. పెద్ద సంచి ఒకటి పట్టుకుని స్టేషన్‌కి రా, నేరుగా కూరగాయల మార్కెట్‌కి వెళ్దాం.

అక్క